విమానానికి రివర్స్ గేర్ ఉండదు!

ఈసారి ఫ్లైట్‌లో విండో సీట్ దొరికితే ఓ పని చేయండి. తలుపులు మూశాక, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాక, కిటికీలోంచి కిందికి చూడండి. మెరిసే జాకెట్లు, చెవులకు మఫ్‌లు పెట్టుకున్న నలుగురైదుగురు కనిపిస్తారు. ఒకరు విమానం ముక్కు దగ్గర హెడ్‌సెట్‌తో ఉంటారు. రెక్కల చివర ఇద్దరు, చేతుల్లో లైటు కర్రల్లాంటివి పట్టుకుని నిలబడతారు. ఇంకొకరు పొట్టిగా, బల్లపరుపుగా ఉండే ఓ బరువైన ట్రాక్టర్‌లో కూర్చుంటారు. కాసేపటికి విమానం మెల్లగా వెనక్కి కదులుతుంది. "హమ్మయ్య, బయల్దేరింది" అనుకుని మనం కళ్లు మూసుకుంటాం.

కింద ఉన్నవాళ్లకు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాల్సిన నిమిషాలు అప్పుడే మొదలవుతాయి. దీన్నే పుష్‌బ్యాక్ అంటారు. ఈ వారం కబుర్లు దాని గురించే.

తోయడం ఎందుకు?

కారులో ఇంజిన్ చక్రాలను తిప్పుతుంది. విమానంలో అలా కాదు. చక్రాలకూ ఇంజిన్‌కూ లింకే లేదు, అవి ఊరికే దొర్లుతాయి. ఇంజిన్ గాలిని వెనక్కి తోస్తుంది కాబట్టి విమానం ముందుకు పోతుంది. ఇందులో రివర్స్ గేర్‌కి చోటే లేదు.

"మరి ల్యాండ్ అయ్యాక రివర్స్ థ్రస్ట్ వేస్తారు కదా?" అని కొందరికి డౌట్ రావచ్చు. కరెక్టే. దాంతో వెనక్కి రావడం కూడా సాధ్యమే. 1980ల్లో అమెరికాలో కొన్ని ఎయిర్‌లైన్లు డీసీ-9, ఎండీ-80 లాంటి విమానాలను అలాగే గేటు నుంచి బయటికి తెచ్చేవి. పవర్‌బ్యాక్ అనేవారు. ఆ విమానాలకు ఇంజిన్లు తోక దగ్గర, ఎత్తులో ఉంటాయి కాబట్టి కుదిరింది. కానీ ఇంధనం ఖర్చు, చెవులు చిల్లులు పడే శబ్దం, లేచే దుమ్మూ రాళ్లూ.. చివరికి ఆ పద్ధతే పోయింది. ఇప్పటి ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737లకు ఇంజిన్లు రెక్కల కింద, నేలకు దగ్గరగా ఉంటాయి. టెర్మినల్ అద్దాల ముందు, మనుషులు తిరిగే చోట ఆ పని చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా బోయింగ్ 737ను వెనక్కి తోయడానికి వచ్చిన ట్రాక్టర్ టైర్లు మంచు మీద జారిపోయాయి. పైలట్లు రివర్స్ థ్రస్ట్‌తో సాయం చేద్దామని చూశారు. పని జరగలేదు. చివరికి టైర్లకు గొలుసులు కట్టిన ఇంకో ట్రాక్టర్ వచ్చి తోసింది. ఆ విమానం టేకాఫ్ అయిన కాసేపటికే వంతెనను ఢీకొని పోటోమాక్ నదిలో పడింది. వంతెన మీద ఉన్న నలుగురితో కలిపి 78 మంది చనిపోయారు. అసలు కారణాలు రెక్కల మీద మంచుతోనే టేకాఫ్ చేయడం, ఇంజిన్ యాంటీ-ఐస్ వేయకపోవడం. అయినా అలాంటి వాతావరణంలో రివర్స్ థ్రస్ట్ వాడిన సంగతిని కూడా దర్యాప్తు బృందం ప్రత్యేకంగా ప్రస్తావించింది.

రైట్.. రైట్.. హోల్డాన్!

బస్టాండ్‌లో ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫాం నుంచి వెనక్కి రావడం మీరు చూసే ఉంటారు. కండక్టర్ కిందికి దిగి, వెనక నిలబడి విజిల్ ఊదుతుంటాడు. లారీ అయితే క్లీనర్ బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ.. రానీ.. ఆపు!" అంటాడు. వెనక ఏముందో డ్రైవర్‌కి తెలీదు కాబట్టి, కింద ఉన్న మనిషి మాటే అతనికి కళ్లు.

పుష్‌బ్యాక్ కూడా అదే సూత్రం. కాకపోతే ఎ320 పొడవు 37 మీటర్ల పైన. ఒక రెక్క చివర నుంచి ఇంకో రెక్క చివరకు దాదాపు 36 మీటర్లు. నిండుగా ఉంటే బరువు 70 టన్నులు దాటుతుంది. పైలట్‌కి సైడ్ మిర్రర్లు లేవు. పక్కన ఇంకో నాలుగు విమానాల ఇంజిన్లు మోగుతుంటాయి కాబట్టి, విజిల్ ఊదినా గొంతు చించుకుని అరిచినా వినిపించదు.

అందుకే అక్కడ ప్రతి మాటకూ ఓ పద్ధతి ఉంటుంది. ముందుగా కోన్‌లు తీసేస్తారు. హెడ్‌సెట్ మనిషి విమానం చుట్టూ ఓసారి చూసుకుంటాడు. తలుపులన్నీ మూశారా, దారిలో ట్రాలీ ఏదైనా ఉండిపోయిందా, అన్నీ. పైలట్ గ్రౌండ్ కంట్రోల్‌ని అడిగి పర్మిషన్ తీసుకుంటాడు. ముక్కు ఏ దిక్కుకు తిరగాలో కిందికి చెబుతాడు. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు, అంటే చాక్‌లు, తీసేశాక సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

"బ్రేక్స్ రిలీజ్ చేయండి."

"బ్రేక్స్ రిలీజ్డ్."

"పుష్‌బ్యాక్ మొదలుపెడుతున్నాం."

అంతా తోసేశాక మళ్లీ..

"పార్కింగ్ బ్రేక్ వేయండి."

"పార్కింగ్ బ్రేక్ సెట్."

గమనించారా? ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెబుతున్నారు. "ఊఁ", "సరే", "ఓకే బ్రో" లాంటివి ఇక్కడ పనికిరావు. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది బాగా తెలిసిన విషయమే. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు కూడా, పంపింది అందిందని అవతలి నుంచి జవాబు వస్తేనే అందినట్టు లెక్క. వాట్సాప్‌లో రెండు బ్లూ టిక్కులు పడ్డాయంటే అవతలివాళ్లు చదివారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. స్నేహితుల మధ్య ఆ తేడా వల్ల మహా అయితే ఓ గొడవ అవుతుంది. ర్యాంప్ మీద అయితే ఓ మనిషి ప్రాణం పోతుంది.

చేతిలో పట్టే పిన్

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన వస్తువు ఒకటుంది. చేతిలో ఇమిడిపోయే ఓ పిన్. దానికి ఎర్ర రిబ్బన్ వేలాడుతుంటుంది. పేరు బైపాస్ పిన్.

ట్రాక్టర్ తోస్తున్నంతసేపూ ముందు చక్రాలను తిప్పేది ట్రాక్టర్ డ్రైవరే. ఆ టైంలో కాక్‌పిట్‌లో ఎవరైనా స్టీరింగ్ కదిపితే? హైడ్రాలిక్స్ బలానికి ముందు చక్రాలు ఒక్కసారిగా పక్కకు తిరుగుతాయి. వాటికి తగిలించిన టో బార్, అంటే ఆ బరువైన ఇనుప కడ్డీ, అడ్డొచ్చినవాళ్లను కొట్టేస్తుంది. అందుకే ముక్కు చక్రం దగ్గర ఈ పిన్ గుచ్చుతారు. అది ఉన్నంతసేపూ పైలట్ చేతిలో స్టీరింగ్ ఉండదు. మా భాషలో చెప్పాలంటే ఎడిట్ యాక్సెస్ తీసేశారన్నమాట.

తోయడం అయ్యాక టో బార్ విప్పి, ట్రాక్టర్ పక్కకు పోతుంది. హెడ్‌సెట్ మనిషి వైర్ పీకేసి, పిన్ తీసుకుని, పైలట్‌కి కనిపించేంత దూరం నడిచి అక్కడ నిలబడతాడు. పిన్‌ను, రిబ్బన్‌ను పైకెత్తి చూపిస్తాడు. తర్వాత బొటనవేలు పైకి లేపుతాడు. 'పిన్ నా చేతిలో ఉంది, స్టీరింగ్ ఇక మీది, మావాళ్లందరూ బయటికొచ్చేశారు' అని దాని అర్థం. పైలట్ కూడా చెయ్యెత్తి చూశానని చెబుతాడు. అప్పటిదాకా విమానం సొంతంగా అంగుళం కదలకూడదు.

టో బార్‌లోనే షియర్ పిన్ అని ఇంకోటి ఉంటుంది. దీన్ని కావాలనే బలహీనంగా చేస్తారు. ట్రాక్టర్ మరీ ఎక్కువ తిప్పినా, గట్టిగా లాగినా ముందు అదే విరుగుతుంది. విమానం ముందు కాలు బతికిపోతుంది. ఇంట్లో ఫ్యూజ్ పోయి టీవీని కాపాడినట్టు.

ఇంజిన్ ముందు కనపడని గీత

టైం కలిసొస్తుందని చాలాసార్లు విమానాన్ని తోస్తుండగానే ఇంజిన్లు స్టార్ట్ చేస్తారు. అంటే కింద నడిచేవాళ్ల పక్కనే ఇంజిన్ తిరుగుతుంటుంది. జెట్ ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా ముందు వైపు కొన్ని మీటర్ల దాకా మనిషిని లాగేసే శక్తి ఉంటుంది. వెనక వైపు పదుల మీటర్ల దాకా వేడిగాలి తోసి పడేస్తుంది. ఆ హద్దు ఎక్కడ మొదలవుతుందో కంటికి కనపడదు. చెవి మఫ్‌లు పెట్టుకుని, చుట్టూ అన్ని శబ్దాల మధ్య ఉంటే ఏ ఇంజిన్ తిరుగుతోందో చెవులకూ తెలీదు. అందుకే విమానం వీపు మీద, పొట్ట కింద మిణుకుమనే ఎర్ర లైట్లు పెట్టారు. బీకన్ అంటారు. అది వెలుగుతోందంటే ఇంజిన్ తిరుగుతోంది లేదా తిరగబోతోంది. దగ్గరికి వెళ్లొద్దు.

2015 డిసెంబర్ 16 రాత్రి ముంబై ఎయిర్‌పోర్ట్‌లో ఎయిరిండియా 619 విమానం మన హైదరాబాద్‌కి బయల్దేరుతోంది. ఎయిర్‌బస్ ఎ319. పుష్‌బ్యాక్ సమయంలో, గ్రౌండ్ సిబ్బంది ఇంకా దూరంగా వెళ్లకముందే విమానం కదిలింది. దగ్గరే ఉన్న టెక్నీషియన్‌ని ఇంజిన్ లాగేసుకుంది. కో-పైలట్ ఒక సిగ్నల్‌ని తప్పుగా అర్థం చేసుకున్నాడని అప్పట్లో ప్రాథమికంగా వార్తలొచ్చాయి. పైన చెప్పానే, పిన్ చూపించి బొటనవేలు లేపడం.. ఆ ఒక్క క్షణం కోసమే ఇంత తతంగం ఎందుకో ఈ ఘటన చదివితే అర్థమవుతుంది. "వాళ్లు వెళ్లిపోయే ఉంటారు" అనే ఊహకు, "వెళ్లిపోయారు, నేను చూశాను" అనే మాటకు మధ్య ఉన్న తేడా ఒక మనిషి.

ఇంకోటి, 2022 డిసెంబర్ 31. అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ ఎయిర్‌పోర్ట్. ఇది వెళ్లే విమానం కాదు, వచ్చిన విమానం. ఎంబ్రాయర్ 175. గేటు దగ్గర ఆగాక కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్, అంటే ఏపీయూ, అందులో పనిచేయడం లేదు. బయటి నుంచి కరెంటు తగిలించేదాకా పెద్ద ఇంజిన్లు తిరుగుతూనే ఉంటాయి. ఈ సంగతి గ్రౌండ్ సిబ్బందికి ముందే చెప్పారు, అదీ ఒకటికి రెండుసార్లు. అయినా ఓ ఉద్యోగిని కోన్ పట్టుకుని రెక్క ముందు నుంచి నడుస్తూ ఇంజిన్‌కి దగ్గరైపోయారు. ప్రాణం పోయింది. విమానం రాగానే కోన్‌లు పెట్టడం రోజూ చేసే పనే. చేతులకూ కాళ్లకూ అలవాటైపోయిన పని. ఆ రోజు ఒక్కటే తేడా, ఇంజిన్ ఆగలేదు. చెప్పడం ఒక్కటే సరిపోదని, అలవాటు ఎంత బలమైందో ఈ ఘటన చెబుతుంది.

తొందర ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే మన పాత్ర మొదలవుతుంది. విమానం టైంకి బయల్దేరిందా లేదా అని దేన్ని చూసి లెక్కేస్తారో తెలుసా? టేకాఫ్‌ని చూసి కాదు. పార్కింగ్ స్థలం నుంచి కదిలిన నిమిషాన్ని చూసి. అంటే పుష్‌బ్యాక్‌ని చూసి. షెడ్యూల్ టైం నుంచి 15 నిమిషాల లోపు కదిలితే ఆన్-టైం కింద లెక్క. మన దేశంలో డీజీసీఏ హైదరాబాద్ సహా పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఏ ఎయిర్‌లైన్ ఎంత శాతం టైంకి నడిచిందో ప్రతి నెలా లెక్కలు ప్రచురిస్తుంది. ఎయిర్‌లైన్లు ఆ నంబర్లతో యాడ్స్ కూడా వేసుకుంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. క్లీనింగ్ లేటైంది. ఆయిల్ ట్యాంకర్ లేటుగా వచ్చింది. ఓ ప్యాసింజర్ చెకిన్ చేసి డ్యూటీ ఫ్రీలో తిరుగుతున్నాడు, ఆయన బ్యాగ్ వెతికి దించాల్సి వచ్చింది. ఈ లేట్లన్నీ పేరుకుని చివరికి ఎవరి మీద పడతాయి? గడియారం ఆగే చోట నిలబడ్డ ఆ నలుగురి మీద. మే నెల ఎండలో సలసల కాగే కాంక్రీట్ మీద, లేదా తెల్లవారుజామున మూడింటికి నిద్రమత్తులో, ఒక విమానం పంపగానే ఇంకో స్టాండ్‌కి పరుగెత్తే మనుషుల మీద. చుట్టూ తిరిగి చూసే పనిలో ముప్పై సెకన్లు మిగుల్చుకుందామా అనిపించేది సరిగ్గా అప్పుడే.

మా ఫీల్డ్‌లోనూ ఇంతే. శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఉంటే ముందు కోతపడేది టెస్టింగ్‌కే. కాకపోతే మాకు రోల్‌బ్యాక్ బటన్ ఉంది. పుష్‌బ్యాక్‌కి లేదు.

గీతలు పడటం చిన్న విషయమా?

ప్రాణాలు పోయే ప్రమాదాలు అరుదు. రెక్కలు తగలడం అంత అరుదు కాదు. 2022 మార్చిలో ఢిల్లీలో స్పైస్‌జెట్ బోయింగ్ 737ను వెనక్కి తోస్తుంటే రెక్క కరెంటు స్తంభానికి తగిలింది. ప్రయాణికుల్ని వేరే విమానంలో పంపారు. 2024 జనవరిలో జపాన్‌లోని న్యూ చిటోసే ఎయిర్‌పోర్ట్‌లో మంచు మీద ట్రాక్టర్ జారి, కొరియన్ ఎయిర్ ఎ330 రెక్క పక్కనే ఆగి ఉన్న కాథే పసిఫిక్ విమానం తోకకు తగిలింది. వాషింగ్టన్ ఘటన జరిగి 42 ఏళ్లయినా మంచు మంచే, టైరు టైరే. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్ హీత్రూలో ట్రాక్టర్ లాగుతున్న వర్జిన్ అట్లాంటిక్ 787 రెక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎ350కి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇలాంటి నేల మీది దెబ్బల ఖర్చు 2035 నాటికి రెట్టింపై ఏడాదికి దాదాపు 1,000 కోట్ల డాలర్లకు చేరొచ్చని ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2022లో అంచనా వేసింది.

డబ్బు కన్నా భయపెట్టేది, తగిలిందని చెప్పకపోవడం. 2005 డిసెంబర్ 26న సియాటిల్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎండీ-83కి గ్రౌండ్ సిబ్బంది నడుపుతున్న వాహనం తగిలింది. ఆ సంగతి వెంటనే ఎవరికీ చెప్పలేదు. విమానం ఎగిరింది. దాదాపు 26 వేల అడుగుల ఎత్తులో ఆ చోట అడుగు పొడవు, అరడుగు వెడల్పు కన్నం పడింది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయి, ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడాయి. పైలట్లు వెంటనే వెనక్కి తిప్పి క్షేమంగా దించారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడొస్తున్న 787, ఎ350ల ఒళ్లు ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్. రేకు అయితే సొట్ట కనిపిస్తుంది. వీటికి పైన ఏమీ కనిపించకుండా లోపల పొరలు విడిపోవచ్చు. తగిలిందని చెప్పే మనిషి తప్ప దాన్ని పట్టించే సాక్షి ఉండడు.

మరి ఆ మనిషి నోరు విప్పాలంటే? చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉండకూడదు. నెల జీతం మీద ఇల్లు నడిచే కాంట్రాక్ట్ కుర్రాడికి నీతి పాఠాలు చెప్పి లాభం లేదు. నిజం చెప్పినవాణ్ని కాపాడి, దాచినవాణ్ని మాత్రమే శిక్షించే పద్ధతి ఉండాలి. విమానయాన రంగం ఈ సూత్రాన్ని కాగితం మీద ఎప్పుడో ఒప్పుకుంది. ప్రతి ర్యాంప్ మీదా అది నిజంగా అమలైతేనే మనం పైన నిశ్చింతగా కూర్చోగలం.

టెక్నాలజీ ఏం చేస్తోంది?

చాలానే. టో బార్ లేకుండా ముందు చక్రాలను ఎత్తి పట్టుకునే ట్రాక్టర్లు వచ్చాయి. విప్పాల్సిన కడ్డీయే లేకపోతే దాని దగ్గర మనిషి వంగే పనీ తగ్గుతుంది. హీత్రూలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్ టగ్గులు వాడింది. మన ఢిల్లీలో 2019 అక్టోబర్‌లో ఎయిరిండియా ఎ320ని ప్రయాణికులతో సహా టాక్సీబాట్‌తో రన్‌వే వైపు తీసుకెళ్లారు. పైలటే కాక్‌పిట్ నుంచి నడిపే ట్రాక్టర్ అది. గేటు దగ్గర ఇంజిన్ స్టార్ట్ చేయాల్సిన పనే లేదు. ఇంధనం మిగులుతుంది, మనుషుల పక్కన తిరిగే ఇంజిన్ కూడా ఉండదు.

ఇవన్నీ ప్రతి ఎయిర్‌పోర్ట్‌కీ వచ్చేదాకా నడిచేది మాత్రం హెడ్‌సెట్, చేతి సైగలు, ఎర్ర రిబ్బన్ పిన్నే.

మనం చేయగలిగింది

పెద్దగా ఏం లేదు, మూడే మూడు పనులు. ఒకటి, విమానం వెనక్కి కదులుతున్నప్పుడు సీట్లోంచి లేవకండి. ట్రాక్టర్ సడన్‌గా బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు పడిపోతారు. రెండు, బస్సు దిగి విమానం దాకా నడిచేటప్పుడు సిబ్బంది చూపించిన దారిలోనే వెళ్లండి. సెల్ఫీ కోసం రెక్క కిందికి, ఇంజిన్ వైపు పోవద్దు. ఇయర్‌బడ్స్ తీసేయండి, ఎవరైనా అరిస్తే వినపడాలి. చేతిలో ఉన్న క్యాప్, బోర్డింగ్ పాస్, ప్లాస్టిక్ కవర్ గట్టిగా పట్టుకోండి. ఎగిరిపోతే ఇంజిన్‌లోకే పోవచ్చు. ఎగిరినా దాని వెనక పరుగెత్తొద్దు, సిబ్బందికి చెప్పండి.

మూడోది కష్టమైంది. తలుపులు మూశాక పదినిమిషాలు కదలకపోతే ఎయిర్ హోస్టెస్ మీద విరుచుకుపడటం, ఎయిర్‌లైన్‌ని ట్యాగ్ చేసి పోస్ట్ పెట్టడం.. ఆ వేలు కాస్త ఆపండి. మనం పైన పెట్టే ఒత్తిడి మెట్లు దిగి ఎక్కడికి చేరుతుందో ఇప్పుడు మీకు తెలుసు. పైసా వసూలు కాని లేట్లు బోలెడుంటాయి, వాటికి తప్పకుండా నిలదీయండి. కానీ ఆ ఆఖరి రెండు నిమిషాలు వాళ్లవి. కింద ఒకరు రెక్క చివర దాకా నడిచి చూసుకుంటున్నారేమో. ఒకరు ఇంకా చక్రం దగ్గరే ఉన్నారేమో. ఆ బొటనవేలు పైకి లేచేదాకా లోపలున్న 180 మందీ ఆగాల్సిందే. ఆగుదాం.